పెదవి చివర

ఆ ఉదయం పార్కులో మంచు ఇంకా చెట్లను వదల్లేదు.

వార్తల మేడమ్ ఒక్కతే నడుస్తోంది.

అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. నల్లటి వాలుజడతో కెమెరా ముందు కూర్చున్న మనిషి, జుట్టుకు రంగు వేసుకునే వయసు వచ్చినా ఆ కుర్చీ దిగలేదు. వరదలూ, యుద్ధాలూ, ఎన్నికలూ అన్నీ ఆ గొంతులోంచే ఇళ్లలోకి వెళ్లాయి.

మంచులోంచి ఒక పెద్దావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. భుజాల నిండా బూడిదరంగు శాలువా.

"ఫొటో కావాలాండీ?" నవ్వుతూ అడిగింది మేడమ్.



పెద్దావిడ చూపు మేడమ్ పెదాల మీదే ఉంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కలలో మనిషిలా రావడం, పెదాల వైపే చూస్తూ నిలబడడం.

ఒకరోజు పెద్దావిడ తన పెదవి చివర వేలు పెట్టి చూపించింది. తర్వాత ఆ వేలు మేడమ్ మొహం మీదికి చాచింది.

మేడమ్ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"ఏంటండీ ఇది! ఏం కావాలో చెప్పొచ్చు కదా. నోరు లేదా మీకు?"

పెద్దావిడ కళ్లు చెమర్చాయి.

"వాచ్‌మన్! ఈవిణ్ని ఇటు రానివ్వకు. నాకు భయమేస్తోంది."

వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, ఆవిడ మంచులో కలిసిపోయింది.

ఆ వారంలోనే, వార్తల మధ్యలో 'ముఖ్యాంశాలు' అన్న మాట మేడమ్ నోట్లోంచి జారిపోయింది. తన గొంతు తనకే ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వినిపించింది. మూతి ఒక పక్కకి ఒరిగిపోయింది.

"స్ట్రోక్," అన్నాడు డాక్టరు. "కొన్నాళ్లుగా చిన్నచిన్న సూచనలు వచ్చి పోతూ ఉండుంటాయి. ముందే వచ్చుంటే ఇంతదాకా రాకపోను. ఎవరూ గమనించలేదా?"

"రోజూ లక్షలమంది చూస్తారండీ తనని," అన్నాడు భర్త. "ఒక్కళ్లూ ఏమీ అనలేదు."

వార్తల కుర్చీలోకి ఇంకో అమ్మాయి వచ్చింది.

మేడమ్ ఆసుపత్రిలో, మాటలు మళ్లీ నేర్పే గదికి వెళ్లడం మొదలుపెట్టింది. తెల్లటి పరదాలు, ఎదురుగా అద్దం, పక్కన నేర్పే అమ్మాయి.

"ప... బ... మ... పెదాలు బాగా కలపండి మేడమ్. తొందరేం లేదు."

అక్షరాలు నీటిబుడగల్లా పైకి తేలి, పెదాల దాకా వచ్చి పగిలిపోయేవి.

"ఇంత ఓపిక... ఎక్కణ్ణించి... వచ్చిందమ్మా?" ఒకరోజు కూడబలుక్కుని అడిగింది.

"మా అమ్మ నుంచండీ. సాయంత్రం మీరొచ్చే వేళకి నన్ను ఒళ్లో కూచోబెట్టుకునేది. ఎవరైనా టీవీకి అడ్డమొచ్చారో, అయిపోయారే! నాకు మాటలొచ్చింది మీ వార్తలతోనే. ఆకలేస్తే అన్నం అడిగే ముందు 'నమస్కారం' అనేదాన్నట."

మేడమ్ సగం మూతితో నవ్వింది.

"మీ 'మ'లో తేడా వచ్చిందని ముందు కనిపెట్టింది కూడా అమ్మే. నాకేమో ఏమీ తెలియలేదు. మీకు చెప్పి తీరాలని, పొద్దున్నే శాలువా కప్పుకుని పార్కుకి వెళ్లేది. ఒకరోజు మాత్రం ఏడుస్తూ వచ్చింది. ఎందుకో చెప్పలేదు."

మేడమ్ వేలు తన పెదవి చివరకి వెళ్లింది.

"ఎక్కడున్నారు... ఇప్పుడు?"

"పోయిందండీ, కిందటి నెల. నిద్రలోనే."

కిటికీ పరదా నెమ్మదిగా ఉబ్బి, మళ్లీ వాలిపోయింది.

మేడమ్ అద్దంలోంచి చూపు తిప్పి అమ్మాయి వైపు చూసింది.

"నా గొంతు... అంత శ్రద్ధగా... విన్నారా ఆవిడ?"

అమ్మాయి తలవంచుకుంది.

"లేదు మేడమ్. అమ్మకి పుట్టుకతోనే వినపడదు, మాటా రాదు. మీ పెదాలే చూస్తూ, చూపిస్తూ నాకు మాటలు నేర్పింది."