ఇరవయ్యో పేరు

"పంతొమ్మిది మందే ఉన్నట్టున్నారు?" మండల విద్యాధికారి మాధురి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

లక్ష్మీకాంత్ మాస్టారు గబగబా కుర్చీలోంచి లేచాడు. "ఇరవై మంది మేడమ్. పిల్లలు కదా, అటూ ఇటూ తిరుగుతుంటారు."

"ఇరవైకి ఒక్కరు తగ్గినా నా చేతిలో ఏమీ ఉండదండి. మూడూ నాలుగూ ఐదూ తరగతులు ఎటూ హైవే అవతల హైస్కూల్లో కలిపేశాం. వచ్చే జూన్ నుంచి ఈ ఒకటీ రెండూ కూడా అక్కడికే."

"ఆరేళ్ల పిల్లలు మేడమ్. మిర్చి లారీలు తిరిగే రోడ్డు దాటాలి."

"నాకు మాత్రం సంతోషమా? రిజిస్టరు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఇవ్వక చేసేదేముంది? ఆయన పని కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. ఆ రిజిస్టర్లో ఇరవయ్యో పేరు తేజశ్రీ.

తేజశ్రీ ఈ బళ్లో మధ్యాహ్నం వంట చేసే శాంతి కూతురు. ఉడికిన గుడ్డు పెడితే తెల్లదంతా తినేసి, తల్లీ మాస్టారూ ఎంత గద్దించినా పచ్చసొన కంచం అంచున వదిలేసే మొండి పిల్ల. పోయిన వేసవిలో అది రెండో తరగతి పూర్తి చెయ్యగానే శాంతి వచ్చి, "ఇంకొక్క ఏడాది దీన్ని ఇక్కడే ఉంచండి సార్, అది ఆ రోడ్డు దాటలేదు" అని కాళ్లావేళ్లా పడింది. రూల్సు ఒప్పుకోవమ్మా అని మాస్టారు టీసీ మీద సంతకం పెట్టాడు. జూలైలో, బడికి వెళుతూ, ఆ పిల్ల సున్నం లారీ కింద పడిపోయింది.

హైస్కూలు వాళ్లు కొట్టేసిన ఆ పేరునే మాస్టారు మళ్లీ తన రిజిస్టర్లో, రెండో తరగతి చివర రాసుకున్నాడు. పిల్ల ఆధార్ నకలు ఇంకా బీరువాలోనే ఉంది మరి. బతికుండగా ఉంచమంటే ఉంచనివాడు, పోయాక ఉంచాడు. సిగ్గుగా లేదా అంటే ఉంది. కానీ మిగతా పంతొమ్మిది మందికీ ఆ రోడ్డు తప్పించడానికి ఆయనకు ఇంకో దారి తోచలేదు.

పేరు పిలిస్తే చెప్పాల్సిన మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు: 'వాళ్లమ్మతో మిరపకోతలకి వెళ్లింది మేడమ్.' ఆ అబద్ధం ఆ అమ్మ చెవినే పడుతుందని మాత్రం అప్పుడు తట్టలేదు. శాంతి గుమ్మం పక్కనే వరండాలో కూర్చుని ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. రిజిస్టరు సంగతి ఆమెకు తెలియదు.

మాధురి పేర్లు పిలుస్తోంది.

"ఆయేషా."

"ప్రెజెంట్ మేడమ్."

"పీరు."

"ప్రెజెంట్ మేడమ్."

ఒక్కో పేరూ అయిపోతుంటే మాస్టారు ఆ సిద్ధం చేసుకున్న మాటనే లోలోపల మళ్లీ మళ్లీ అనుకున్నాడు. చివరికి ఆ పేరు రానే వచ్చింది.

"తేజశ్రీ."

వరండాలో గుడ్లు ఒలిచే చప్పుడు ఆగిపోయింది. మాస్టారు నోరు తెరిచాడు. మాట మొదలుపెట్టేలోపే జవాబు వినిపించింది.

"ప్రెజెంట్ మేడమ్."

చిన్న గొంతు. గోడవైపు, చివరి వరసలోంచి వచ్చింది. మాధురి తల ఎత్తకుండానే టిక్కు పెట్టింది. "నేనే ఇందాక తప్పు లెక్కపెట్టినట్టున్నాను" అంది.

భోజనాల దగ్గర ఆవిడ మళ్లీ కంచాలు లెక్కపెట్టింది. సరిగ్గా ఇరవై. చివరి కంచం ముందు ఎవరూ లేరు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారనుకుంది కాబోలు, ఏమీ అడగలేదు. పక్క కళ్లంలో ఎండబోసిన మిరపకాయల ఘాటుకి రెండుసార్లు తుమ్మి, సంతకం పెట్టి, కారెక్కింది.

బడి నిలబడింది. మాస్టారికి మాత్రం ఆ గొంతు ఎవరిదో తేలలేదు. తిని చేతులు కడుక్కొచ్చిన పిల్లల్ని చుట్టూ చేర్చాడు.

"తేజశ్రీ అని పిలిస్తే ఎవర్రా పలికింది? తిట్టన్లే, చెప్పండి."

"మేం కాదు సార్" అంది ఆయేషా. మిగతావాళ్లూ అడ్డంగా తల ఊపారు. పసిపిల్లలు, అబద్ధమాడితే మొహంలో తెలిసిపోతుంది. ఆ మొహాల్లో అబద్ధం లేదు.

ఇంకెవరు? ఆయనకు వెలిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుళాయి దగ్గర కంచాలు కడుగుతున్న శాంతి దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"గొంతు మార్చి పలికింది నువ్వే కదమ్మా? నిన్ను అడక్కుండా నీ బిడ్డ పేరు రాశాను. నా మొహాన ఉమ్మెయ్యాల్సింది పోయి బడిని నిలబెట్టావు."

శాంతి తల ఎత్తింది. "నేను పలకలేదండి."

"మరి ఆ ఇరవయ్యో కంచం?"

"అది నేనే పెట్టానండి. జూలై నుంచి రోజూ పెడతానే ఉన్నా. పిచ్చిదంటారని మీకు చెప్పలేదు. అందరూ తిని లేచాక, ముట్టని అన్నం గుడ్డు తీసుకెళ్లి కుక్కలకేసేదాన్ని."

"ఇవాళో?"

శాంతి చెంగుతో చేతులు తుడుచుకుంది. "మీరు దాని పేరు మళ్లీ ఇక్కడే రాశారని నాకే తెలీదు సార్. దానికెట్టా తెలిసిందో మరి" అంటూ, కడక్కుండా పక్కన దాచిన కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

మెతుకు కూడా మిగల్లేదు. కంచం అంచున పచ్చసొన ఒక్కటే ఉంది.