పాత ప్రీయాంప్‌లో ఊపిరి

భార్య పోయాక అతనికి మిగిలింది ఆమె పాడిన ఒక్క టేపు. టేపు శబ్దాన్ని పెంచే పాత ప్రీయాంప్లిఫయర్‌లో పాట అయిపోయాక, సన్నటి హోరు మాటున ఆమె ఊపిరి వినిపించేది. మెకానిక్ మాట విని ఇవాళే కొత్తది పెట్టించుకున్నాడు. పాతదాన్ని మెకానిక్ తన షాపుకి పట్టుకెళ్ళాడు. కొత్తది వద్దనుకుంటే తెల్లారేలోగా చెప్పాలి, లేదంటే పాతదాన్ని విడిభాగాల కోసం విప్పేస్తాడు.

కొత్తదాంట్లో పాట అద్దంలా ఉంది. ఊపిరి మాత్రం లేదు. ఏడుసార్లు వెతికి, ఇక ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

“నా పాతది నాకిచ్చెయ్యి బాబూ, నీకు పుణ్యముంటుంది. విప్పకు.”

“విప్పలేదండీ.” మెకానిక్ గొంతు తగ్గించాడు. “వైరు కూడా కలపలేదు. అయినా సాయంత్రం నుంచీ బల్లమీద ఊపిరి తీస్తూనే ఉంది. ఇప్పుడే ఆగింది.”

గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించే నిశ్శబ్దం. అతని మెడ వెనక ఎవరో, పాట ఎత్తుకోబోయే ముందులా, నిండుగా ఊపిరి పీల్చుకున్నారు.