మూడు క్రోటన్లు

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి మళ్ళీ అదే కంపు.

నానిన పొగాకు, కుళ్ళిన వెల్లుల్లి, పాత చెమట. మూడూ చేతులు కలుపుకుని గడప దాటడానికి తయారుగా నిలబడినట్టుంది.

ఆమెకు కడుపులో తిప్పింది.

గుమ్మం ముందున్నది రెండంగల జాగా. ఎండపొడ సోకని మూడో అంతస్తు. అయినా ఆమె దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. తెల్లని కుండీల్లో మూడు క్రోటన్లు, వాటి మొదట్లో గులకరాళ్ళు, పక్కన పాత పీట మీద నీళ్ళు నింపిన ఇత్తడి గిన్నె, తలుపుకు చిన్న గంట.

క్రోటన్లు వీధిలో తోపుడుబండి మీద కొన్నవి. ఎరువు వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ బేరమాడింది. “నీడలో ఇవి ఆగవమ్మా,” అన్నాడు బండివాడు. ఐదు నెలలైంది. ఒక్క ఆకు పండలేదు.

“నీ చెయ్యి పడితే చీపురుపుల్ల కూడా చిగురేసేట్టుందే!” అంటాడు భర్త వేళాకోళంగా.

ఆమె దాన్ని వేళాకోళమనుకోలేదు. ముంగిళ్ళు అలంకరించడమే వృత్తి చేసుకోవాలనుకుంది. కొత్త ఆసుపత్రి కట్టిస్తున్న డాక్టరమ్మ, “ముందు మీ గుమ్మం చూస్తాను. నచ్చిందా, పనంతా మీదే,” అంది. నెల తిరిగాక ఒక ఆదివారం వస్తానంది.

అది ఆమెకు దొరకబోయే మొదటి పని. ఈ కంపుతో ఎలా?

మరుసటి సోమవారం తలుపు వెనక మాటువేసి, కన్నంలోంచి చూసింది.

ఒక ముసలివాడు. మాసిన చొక్కా, భుజాన గోనెసంచి, చేతిలో తుప్పుపట్టిన డబ్బా.

కుండీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆకు తిరగేశాడు. వెనక తెల్లగా అంటుకున్న పురుగును నల్లటి గోటితో గీరి, వేళ్ళ మధ్య చిదిమి, ఆ జిగురును చొక్కాకు రాసుకున్నాడు. అదే చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

ఆమె రుమాలు ముక్కుకు అదుముకుంది.

ఇంతలో అతను ఒక మొక్కను కుండీలోంచి మట్టితో సహా పైకి లేపాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది.

“దొరికావు! పెట్టక్కడ!”

ముసలివాడు ఉలిక్కిపడ్డాడు. డబ్బా ఒరిగి, కంపునీళ్ళు గులకరాళ్ళ మీదుగా పారాయి.

“అమ్మా, నేను...”

“దగ్గరికి రాకు! సంచిలో ఏముంది?”

విప్పి చూపించాడు. మూడు క్రోటన్లు. ఆమె మొక్కలకు కవలల్లా ఉన్నాయి.

“ఎవరి గుమ్మంలోంచి కొట్టుకొచ్చావ్?”

“దొంగతనం కాదమ్మా. ఇంకా ఏడు నెలలుంది...”

“ఏడు నెలలేమిటి నీ మొహం! ఏడు అంకెలు లెక్కపెట్టేలోగా మెట్లు దిగకపోతే పోలీసుల్ని పిలుస్తా. ఛీ, ఆ చేతులేమిటి, ఆ వాసనేమిటి! అసలు మనిషివేనా?”

ముసలివాడు తన చేతుల వంక చూసుకున్నాడు. మొక్కను దాని కుండీలో సర్ది, చేతులు వెనక్కు దాచుకున్నాడు. సంచి, డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

అతను ముట్టుకున్నవన్నీ ఆమె ఫినాయిల్‌తో కడిగింది. కుండీలు, పీట, గంట, గులకరాళ్ళు. ఆపైన వాచ్‌మన్‌ను పిలిచింది.

“ఆ కంపుమనిషి మళ్ళీ గేటు దాటకూడదు.”

“ఎవరమ్మా, డబ్బా పెద్దాయనా? ఆయన...”

“పెద్దాయనట, పెద్దాయన! నాకేం చెప్పకు. రానిచ్చావంటే నీ ఉద్యోగం ఊడుతుంది.”

వాచ్‌మన్ తల ఊపి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మొదటి వారం ఆకుల మెరుపు పోయింది. రెండో వారం పసుపెక్కాయి. మూడో వారానికి పిండి చల్లినట్టు తెల్లపురుగులు కాడలన్నిటినీ కమ్మేసి, పీట మీదికి పాకి, ఇత్తడి గిన్నెలో తేలాయి. చేతికి తొడుగు వేసుకుని ఒకదాన్ని చిదమబోయింది. అది చితికిన మెత్తదనానికి, తొడుగుతో సహా విదిల్చి స్నానాలగదిలోకి పరుగెత్తింది.

నాలుగో ఆదివారం పొద్దున ఆమె గుమ్మాన్ని మళ్ళీ ఫినాయిల్‌తో కడిగింది. డాక్టరమ్మ వచ్చింది. కుండీల వైపు వంగింది. చటుక్కున వెనక్కు జరిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

“మీ గుమ్మమేనా ఇది? ఇలాంటివి ఆసుపత్రి ముందు పెడతారా?”

గంటైనా మోగించకుండా మెట్లు దిగిపోయింది.

ఎండ తగిలితేనన్నా బతుకుతాయేమోనని ఆమె కుండీలు మేడ మీదికి మోసుకెళ్ళింది. నీళ్ళట్యాంకు వెనక మూడు క్రోటన్లు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలగలిసి భగభగమంటున్నాయి. వాచ్‌మన్ వాటికి నీళ్ళు పోస్తున్నాడు.

“ఇవెవరివి?”

“మీవేనమ్మా.”

“నావా?”

“ఒక వారం ఇవి ఎండలో, అవి మీ గుమ్మంలో. మళ్ళీ వారం అవి ఎండలో, ఇవి గుమ్మంలో. సోమవారం సోమవారం మార్చేవాడు పెద్దాయన. మీరు తరిమిన రోజు సంచి నాకిచ్చి వెళ్ళాడు. ఆ రోజే చెబుదామంటే మీరు చెప్పనివ్వలేదు.”

“ఎందుకు మార్చడం? అతనికేం పని?”

“ఏడాదిపాటు ఒక్క ఆకు పండదని పూచీ ఇస్తేనే కొంటానన్నారటగా? సరేనని మాటిచ్చాట్ట. మూడు సోమవారాలు గేటవతలే నిలబడ్డాడమ్మా. పోయిన వారం బండి అమ్మేసుకుని, పురుగులకు కొట్టే పొగాకునీళ్ళ డబ్బా నా చేతికిచ్చి, ఊరొదిలి వెళ్ళిపోయాడు.”

ట్యాంకు పక్కన డబ్బా ఉంది. ఆమె దాన్ని ఎత్తి పట్టుకుంది. కంపు గుప్పుమంది. ఈసారి కడుపులో తిప్పింది దానివల్ల కాదు, తన చేతుల్ని ఇంకా వదలని ఫినాయిల్ వాసనవల్ల.

ఆరు నెలల కిందట, ముక్కు మూసుకుని మొహమైనా చూడకుండా ఆమె పూచీ అడిగిన బండివాడు అతనే.