తేమ హద్దు

“ఈ బస్తా ఇంకా పచ్చిగుందే గుంటా, ఒద్దు,” అంది సోములమ్మ, కాఫీ గింజను పంటి కింద నొక్కి చూసి.

అరకు రైతుల సంఘం గోదాంలో పదేళ్లుగా ఆవిడ పన్ను చెప్పిందే తీర్పు. ఇవాళే కంప్యూటర్ వచ్చింది, దాని పని చూసే అమ్మాయి భానూ వచ్చింది.

“ఉండత్తా,” అంటూ భాను తేమ మీటరు చూపించిన పదిహేడు శాతాన్ని అందులో కొట్టింది. తను రాసిన ప్రోగ్రాం ‘తీసుకోవచ్చు’ అంది.

“పదకొండు దాటితే బూజేనే! ఈ ఒక్క బస్తాతో గోదామంతా పాడైపోతాది.”

“పన్నెండుసార్లు టెస్టు చేశానత్తా. పదకొండు దాటిన ప్రతిసారీ వద్దనే అంది.”

“పదకొండని దానికెవులు సెప్పినారు?”

“నేనే. ప్రతి టెస్టుకీ ముందు ఆ హద్దు నేనే అందించాను...” భాను నాలుక కరుచుకుంది. “ఇక్కడి కంప్యూటర్ సెట్టింగుల్లో పెట్టడం మర్చిపోయాను.”

“అంటే పరీచ్చలో నువ్వు సెవిలో ఊదినావు. ఇక్కడ ఊదీవోలు ఎవులూ లేరు. మరి తెలీదని సెప్పాలి గానీ, అన్నిటికీ సరే అనడమేటి?”

పదకొండు పెట్టేయబోయిన భాను ఆగింది. ముందు ప్రోగ్రాంను సరిచేసి, పదమూడో టెస్టు రాసింది. ఈసారి దానికి హద్దు చెప్పనే లేదు.

తెర ఎర్రబడింది. భాను చదివి వినిపించింది: “తేమ హద్దు నాకెవరూ చెప్పలేదు. కనుక్కుని చెప్పండి.”

సోములమ్మ పచ్చి బస్తాను పక్కకు లాగుతూ నవ్వింది.

“నాకన్నా నయమే. ఈ పనిలో ‘నాకు తెలీదు’ అనడానికి నాకు రెండేళ్లు పట్టినాది.”