తొంభై ఆరు మైళ్ళు

"చంటిపిల్లకి అందించినట్టు వేస్తావేంట్రా బంతి? గట్టిగా విసురు!" అని కసిరాడు వెర్నన్.

అవతల గొంతుక్కూర్చున్న కోడీ, బంతి పట్టే కేచర్లు పెట్టుకునే ముసుగు పైకెత్తాడు. "పరీక్ష నీకు కదా బావా. నీ చేతికి శ్రమ ఎందుకని నెమ్మదిగా ఇస్తున్నా."

"నీ జాలి నీ దగ్గరే ఉంచుకో. ఈ చలికి నా చెయ్యి కొయ్యబారిపోతోంది. నువ్వు బంతి తిరిగిచ్చేలోపు ఓ కునుకు తియ్యొచ్చు. అవతల ఆయన చూస్తున్నాడు, కానీ!"

ఆయనంటే ముల్డూన్. హారియర్స్ అనే బేస్‌బాల్ జట్టుకి ఆటగాళ్ళను వెతికిపెట్టే మనిషి. కోడీ వెనకాల, జిమ్‌లో కట్టిన వలకి అవతల, కోటు కూడా విప్పకుండా ఇనప కుర్చీలో బంతి గంటకి ఎన్ని మైళ్ళ వేగంతో పోతోందో చూపే స్పీడ్ గన్ పట్టుకుని కూర్చున్నాడు. హారియర్స్‌కి ఒక రిలీఫ్ పిచర్ కావాలి. ముందు దిగి బంతులు విసిరినవాడి చెయ్యి అలిసిపోయాక, ఆట చివర్లో వచ్చి గెలుపు జారిపోకుండా చూసేవాడు. వెర్నన్ ఇన్నాళ్ళూ తిన్నది ఆ తిండే. ఈ చలికాలం మాత్రం ఏ జట్టూ అతని ఫోనెత్తలేదు. ఫిబ్రవరిలో జట్ల శిక్షణ శిబిరాలు తెరిచేలోపు ఎవరూ తీసుకోకపోతే బంతికి దణ్ణం పెట్టి మామగారి టైర్ల కొట్లో చేరాలి. బావమరిది కోడీ అక్కడే పనిచేస్తున్నాడు. ఈ పరీక్ష కోసం సెలవు పెట్టి, బావ విసిరే బంతులు పట్టడానికి వచ్చాడు.

ముల్డూన్ గడియారం చూసుకున్నాడు.

"వెళ్ళిపోయేలా ఉన్నాడ్రా. నీవల్లే!" అన్నాడు వెర్నన్ పళ్ళు నూరుతూ.

"నావల్లా? నేనేం చేశాను బావా?"

"ఏం చేశావా? ఏం చెయ్యలేకే కదరా కాలేజీ దాటాక ఏ జట్టూ నిన్ను పిలవలేదు! థాంక్స్‌గివింగ్ పండగనాడు టర్కీ కోడిని కోసే కత్తి నయం, నీ బ్యాటు కన్నా. కనీసం దేనికైనా తగులుతుంది."

కోడీ ముసుగు దించుకున్నాడు. ఇంట్లో విందులన్నిటా విన్న మాటే, కొత్తేం కాదు. బావ విసిరిన బంతి పట్టి, లేవకుండానే తిరిగి విసిరాడు. అది వచ్చి వెర్నన్ గ్లవ్‌లో ఠప్పుమని పడింది.

"ఆఁ, ఇదీ! ఇలా ఉండాలి!" అన్నాడు వెర్నన్.

ఇక ఆగలేదు. బంతి ఇలా రావడం, అలా వెళ్ళడం. వెర్నన్‌కి ఒళ్ళు వేడెక్కింది. మలుపు బంతులు చెప్పినమాట విన్నాయి. భుజంలో పాత నొప్పి ఉందో లేదో కూడా తెలియలేదు. బంతి బంతికీ ఓరకంట వలవైపు చూస్తున్నాడు. ముల్డూన్ కుర్చీలో ముందుకి జరిగాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు. స్పీడ్ గన్‌ని అరచేత్తో తట్టి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశాడు. అప్పుడు ఫోను తీశాడు. ఖాళీ జిమ్‌లో ఆ మాటలు అందరికీ వినపడ్డాయి.

"సార్, దొరికాడు. వేరే ఎవర్నీ చూడక్కర్లేదు... తొంభై ఆరు మైళ్ళు సార్... గన్ బాగానే ఉంది, కొట్టి మరీ చూశా. అదీ ఒళ్ళు అలవకుండా... సరే, ఇవాళే మాట తీసుకుంటా."

వెర్నన్ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. వయసులో ఉన్నప్పుడు కూడా ఎన్నడూ తొంభై నాలుగు దాటనివాడు. అయినా ఆశపడ్డ మనిషిని నమ్మించడం ఎంతసేపు! చలికాలమంతా ఎత్తిన బరువులు ఊరికే పోలేదనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నావుట్రా? తొంభై ఆరు!"

కోడీ ముసుగు తీసి తల గోక్కున్నాడు. "నా చేతికి అంత అనిపించలేదు బావా."

"టైర్లు మార్చే చేతికేం తెలుస్తుందిరా! వెళ్ళి మీ నాన్నకి చెప్పు, కొట్లోకి ఇంకో మనిషిని చూసుకోమని. మీ అక్కకి మాత్రం చెప్పకు. నేనే చెప్తా."

"సంతోషం బావా," అన్నాడు కోడీ. నిజంగానే అన్నాడు. బావ సామాను సంచీలో సర్దడం మొదలుపెట్టాడు.

ముల్డూన్ వల తప్పించుకుని వచ్చాడు. వెర్నన్ చెమట చేతిని ప్యాంటుకి తుడుచుకుని ముందుకి చాచాడు.

"ముల్డూన్ గారూ, మీరెంత ఇస్తామన్నా సరే. కాగితాలు ఉంటే ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

ముల్డూన్ ఆ చేతిని పట్టుకున్నాడు కానీ, ఊపలేదు.

"నీది ఎనభై ఎనిమిది దాటలేదు వెర్నన్. నీకు గొంతుక్కూర్చునే బంతి తిరిగి విసిరాడే, ఆ కుర్రాడి పేరేంటి?"