మూసిన కిటికీల బస్సు

వాసన ముందు పసిగట్టింది నెల్సన్ గారు.

"ఏమిటయ్యా ఇది?" అంటూ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమోనండీ" అన్నాడు పక్క సీట్లోని కృష్ణబాబు. ఏమిటో అతనికి బాగా తెలుసు. కలిదిండి దగ్గర చేపల చెరువుల మధ్య పుట్టి పెరిగినవాడికి ఎండు చేప వాసన ఒకరు చెప్పాలా!

నిజానికి ఈపాటికి వాళ్ళు ఆకాశంలో ఉండాలి. గన్నవరంలో విమానమెక్కి గల్ఫ్ వెళ్ళి, అక్కడ మరొకటి మారి, స్పెయిన్ చేరాలి. తమ కంపెనీ రొయ్యలు కొనేవాళ్ళతో మాట్లాడే పని. నెల్సన్ గారు మేనేజరు. కృష్ణబాబు విదేశం వెళ్ళడం ఇదే మొదలు. తీరా చూస్తే ఎక్కడో ఒక దేశం తన ఆకాశం మూసేసింది. రావలసిన విమానం చుట్టుతిరిగి ఆలస్యంగా వచ్చింది. ఈలోగా గన్నవరాన్ని పొగమంచు కమ్మేసింది. విమానం కాసేపు చక్కర్లు కొట్టి, ఇక లాభం లేదని విశాఖ పోయి దిగింది. అందులోని పైలట్ల డ్యూటీ కూడా అయిపోయిందట.

"విశాఖలో వేరే పైలట్లు వస్తారండీ. మిమ్మల్నందర్నీ బస్సులో అక్కడికి తీసుకెళ్తాం" అంటూ విమానం కంపెనీ అమ్మాయి స్టెల్లా అందరికీ దణ్ణాలు పెట్టింది.

తెల్లారగట్ల మంచులో నిలబెట్టి నిలబెట్టి, చివరికి ఏసీ బస్సెక్కించారు. చెమ్మ తగిలితే ఎండు చేపకి ఎక్కడ లేని ప్రాణం వస్తుంది. ఏలూరు దాటేసరికి బస్సంతా దాని రాజ్యమైపోయింది.

"కొల్లేటి గాలండీ. గూడెం దాటితే అదే పోద్ది" అన్నాడు డ్రైవరు.

తాడేపల్లిగూడెం దాటినా పోలేదు. ఊరి చివర టీ హోటల్ దగ్గర బస్సు ఆపారు. అందరూ దిగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, దొంగ ఎవరా అని చూశారు. ఎవరూ ఎవరి బ్యాగూ తెరవలేదు. ఆ అవసరమే రాలేదు. వెలిసిన చీర కట్టుకుని, జిప్పు తెగిన బ్యాగుకి నైలాన్ తాడు చుట్టుకున్నది అమ్మాజీ ఒక్కతే. మస్కట్‌లో ఎవరింట్లోనో వంటపనికి వెళ్తోంది.

"నాది కాదండీ" అంది అమ్మాజీ బిత్తరపోయి. "మా ఆయన అయ్యప్ప మాలలో ఉన్నారండీ. ఇంట్లోకి నీచే రానివ్వట్లేదు. కావాలంటే ఈ బాబుగారిని అడగండి. మా ఊరి వాళ్ళేనండీ."

అందరూ కృష్ణబాబు వైపు తిరిగారు. ఆవిడ చెప్పింది నిజమే. నిన్ననే ఊళ్ళో ఆవిడ భర్త ముత్యాలరావు నల్లబట్టల్లో ఎదురుపడి "స్వామీ, బాగున్నారా" అని పలకరించాడు. ఒక్క మాట చెబితే చాలు.

"మీ ఊరావిడా?" అడిగారు నెల్సన్ గారు, రుమాలు తియ్యకుండానే.

"అటువైపేనండీ. అంత పరిచయం లేదు" అన్నాడు కృష్ణబాబు. చెవులు భగ్గుమన్నాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాజీ బ్యాగు పట్టుకెళ్ళి బస్సు డిక్కీలో పడేశారు.

బస్సు కదిలింది. వాసన అలాగే ఉంది. "చీరకి పట్టేసి ఉంటుంది" అన్నాడొకాయన. "విమానంలో ఈవిడ పక్కన మేం కూర్చోం" అంది ఇంకొకావిడ. వాళ్ళతో పాటే బస్సులో వస్తున్న స్టెల్లా నలిగిపోయింది. వెళ్ళి అమ్మాజీని లేవమని, డ్రైవరు పక్కన క్లీనరు కూర్చునే చోటు చూపించింది.

"విశాఖలో మీ బ్యాగూ, మీరు కూర్చున్న సీటూ మావాళ్ళు చూస్తారమ్మా. ఏమీ లేకపోతే మిమ్మల్ని ఎక్కించే పూచీ నాది" అంది మెల్లగా.

"ఎక్కనివ్వకపోతే ఆ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారమ్మా. నా దగ్గరేం లేదు, బాగా చూసుకోండి" అంది అమ్మాజీ.

ఆవిడ సీటు సరిగ్గా కృష్ణబాబు ముందుదే. లేస్తూ ఒకసారి వెనక్కి వంగింది.

"మీరేం అనుకోకండి బాబూ. పక్కన పెద్దాయన ఉండగా మీరు మాత్రం ఏం మాట్లాడతారు" అంది గుసగుసగా.

ఆ మాటకన్నా చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. కృష్ణబాబు కిటికీ వైపు తిరిగిపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. రావులపాలెంలో బస్సాపితే లేచి చెప్పేద్దామనుకున్నాడు. ఆపారు. లేవలేదు. రాజమండ్రిలో చెబుదామనుకున్నాడు. అన్నవరం కొండ కనిపించినప్పుడు నోరు కూడా తెరిచాడు. సరిగ్గా అప్పుడే నెల్సన్ గారు "ఈ మనుషులింతేనయ్యా" అన్నారు.

"అవునండీ" అన్నాడు కృష్ణబాబు. అన్నాక తన నాలుక తనకే అసహ్యమనిపించింది.

విశాఖ వచ్చింది. బిలబిలమంటూ అందరూ దిగిపోయారు. కింద అమ్మాజీ ఎవరూ అడక్కుండానే బ్యాగు విప్పి, చీరలు ఒక్కొక్కటే దులిపి చూపిస్తోంది. చూసిన స్టెల్లా మొహం తేటపడింది.

"ఏమీ లేదమ్మా. ఇక సీటొక్కటీ చూసేస్తే అయిపోయినట్టే" అంది.

"రావయ్యా కృష్ణబాబూ!" కింద నుంచి పిలిచారు నెల్సన్ గారు.

"వస్తున్నానండీ, మీరు నడుస్తూ ఉండండి" అన్నాడు కృష్ణబాబు.

బస్సులో ఇంకెవరూ లేరని చూసుకుని, పరాయి దేశపు తిండి సయించదేమోనని ఇంటి దగ్గర కట్టించుకున్న ఎండు చేపల పొట్లం తన బ్యాగులోంచి తీసి, అమ్మాజీ కూర్చున్న సీటు కిందకి తోసేశాడు.