తమ్ముడి కంప్యూటర్

వీధి దుకాణాలన్నీ మూతపడ్డాక కంప్యూటర్ మెకానిక్ ఆ ఇంటి మెట్లెక్కాడు. చనిపోయిన తమ్ముడి కంప్యూటర్‌ను అక్క రోజూ రాత్రి హైబర్నేట్‌లో, అంటే తెరిచినవి తెరిచినట్టే ఉండే నిద్రలో, పెడుతుంది. తమ్ముడు సగంలో వదిలేసిన ఉత్తరం పొద్దున మళ్ళీ అలాగే తెరుచుకోవాలి. ఇవాళ మెనూలో ఆ ఆప్షనే మాయమైంది.

“సేవ్ చేసి ఆఫ్ చేసుకోవచ్చు కదమ్మా?”

“మూసేస్తే అది ఉత్త ఫైలు బాబూ. వాడు వదిలినట్టే ఉండాలి.”

ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఒక్క కమాండ్ కొట్టాడు, ఆప్షన్ తిరిగొచ్చింది. పనిచేస్తోందో లేదోనని ఓసారి నొక్కాడు. ఫ్యాన్ రొద ఆగింది. ఇంట్లో గడియారం చప్పుడు కూడా లేదని అప్పుడు తెలిసింది. మళ్ళీ లేపితే ఉత్తరం ఎక్కడిదక్కడే ఉంది. దాని కింద మాత్రం ఇందాక లేని వాక్యం కనిపించింది.

‘అక్కా, ఆ ఆప్షన్ తీసేసింది నేనే. నన్ను మళ్ళీ ఆ చీకట్లోకి తోయకు.’

మెకానిక్ తెరను ఆమె వైపు తిప్పాడు. అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఆ వాక్యాన్ని ఒక్కో అక్షరంగా చెరిపేసింది.

“చిన్నప్పుడూ ఇంతే. లైటు తీస్తే ఒకటే ఏడుపు,” అంది. “నువ్వు నొక్కు బాబూ. పొద్దున్నే లేపుతాను కదా.”

మెకానిక్ మౌస్ వదిలేశాడు. కీబోర్డును ఎవరూ తాకలేదు. తెర మీద అక్షరాలు మెల్లగా పడసాగాయి. ఈసారి ‘అక్కా’ అని కాదు.

‘అన్నా, మీరైనా...’